పోచమ్మ ఏ బ్లాకు?

మా అన్న ఓంకార్ ఎమ్మే హిస్టరీ. ఈ మాట ఎవరికి చెప్పినా ఒక్క క్షణం ఆగి, "అయ్యో, మరి ఇప్పుడేం చేస్తున్నాడు?" అని అడుగుతారు. ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందంటే అడిగినట్టు అడుగుతారు. వాళ్లనేం అనను. నేనూ అట్లాగే చూసేదాన్ని.

నా పేరు పింకీ. ముద్దుపేరు కాదు, ఆధార్ కార్డులోనూ అదే. నాకు పేరు పెట్టడానికి మా నాన్న రామన్న అంతకంటే ఎక్కువ కష్టపడలేదు. ఆలోచనంతా కొడుకు కోసం దాచుకున్నాడు. నార్సింగిలో మాకున్న కాస్త పొలం రింగురోడ్డు రాకముందే అగ్గువకు అమ్మేసి, ఆ పైసలు కరిగిపోయాక, "సదువు లేకనే గిట్ల మునిగిన, నా కొడుకు మాత్రం సదవాలె" అని చెప్పి కన్నుమూశాడు. ఏం చదవాలో చెప్పకుండా పోయాడు. అదీ మా ఖర్మ.

మా బస్తీలో రాయి విసిరితే ఇంజనీరుకు తగులుతుంది. మా అన్నకు మాత్రం చరిత్ర కావాల్సి వచ్చింది. అది కూడా మన దగ్గర కాదు, ఢిల్లీ పక్కన ఒక ప్రైవేటు యూనివర్సిటీలో. అక్కడ పచ్చిక మీద కూర్చుని పాఠాలు చెబుతారట. ఆ పచ్చికకి కూడా మేమే ఫీజు కట్టాం. బ్యాంకు లోను అన్న పేరు మీద, హామీ సంతకం నాది. నేనప్పటికే గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీ ట్రాన్స్‌పోర్ట్ డెస్కులో చేరాను. ఏ క్యాబు ఎవరిని ఎక్కించుకుని ఎటు పోవాలో చెప్పడం నా పని. ఇంట్లో కూడా అదే పని చేసుంటే బాగుండేది.

అన్న చదువు ముగించుకుని వచ్చాడు. ఒక డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరర్‌గా గంటల లెక్కన పాఠం చెప్పాడు. జీతం ఎప్పుడని అడిగితే ప్రిన్సిపాలు, "బడ్జెట్ రాలేదు" అని టీ ఇప్పించి పంపేవాడు. తర్వాత అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగు సెంటరుకు నోట్సు రాశాడు. వచ్చింది దారి ఖర్చుకు సరిపోయింది. మా ఆఫీసు క్యాబు డ్రైవరు రాకేష్ పదో తరగతి తప్పినవాడు, అప్పటికి రెండో బండి కొన్నాడు. పెట్రోలు కోసం మా అన్న అతని దగ్గర చేబదులు తీసుకున్నాడు. ఆ సంగతి రాకేషే నాతో చెప్పాడు, పాపం, ఎంతో మర్యాదగా. నాకు తల కొట్టేసినట్టయింది.

నెలనెలా కట్టాల్సిన లోను కంతులు నా జీతంలోంచి పోయేవి. కొన్ని కట్టలేకపోయేదాన్ని. బ్యాంకువాళ్లు ఫోన్లు చేయడం, తర్వాత ఇంటికి రావడం మొదలుపెట్టారు. వాకిట్లో నిలబడి పక్కింటివాళ్లకు వినబడేలా మాట్లాడేవాళ్లు. అట్లా ఒకసారి వచ్చిపోయిన రోజునే మా అమ్మ నీలమ్మ పోచమ్మకు మొక్కింది.

"తల్లీ, నా బిడ్డ అప్పు తీరనియ్యి. కొత్త కుండల బోనం వండి, ఎత్తుకోని నీ కాడికి నడిసొస్త."

ఆ పోచమ్మ మా పాత పొలం గట్టు మీద, వేపచెట్టు కింద ఉండేది. మోకాలెత్తు రాయి, ఒళ్లంతా పసుపు, రెండు వెండి కళ్లు. పొలాలు కొన్నప్పుడు దళారి ఊరందరి ముందూ, "పోచమ్మ జోలికి రాము, దారి ఇడుస్తం" అని మాటిచ్చాడు. ఆ దళారి పేరు మధుకర్. తర్వాత అతనే ఎండీ మధుకర్ అయ్యాడు. పొలాలన్నీ కలిపి టవర్లు లేపడం మొదలుపెట్టాడు. ముందు దానికి 'లా వెర్దూరా' అని పేరు పెట్టాడు. అది ఏ భాషో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. చుట్టుపక్కల టవర్లన్నింటికీ అట్లాంటి పేర్లే ఉండేసరికి ఎవరూ ఆగి చూడలేదు. కాస్త పాతకాలపు గొప్ప ఏదైనా ఉంటే ఫ్లాట్లు కదులుతాయని ఎవరో అతనికి చెప్పారు.

చెప్పింది జశ్వంత్. గుంటూరు వైపు అబ్బాయి, ఒకప్పుడు మా ఆఫీసులోనే పనిచేశాడు. ఉద్యోగం పోయాక మధుకర్ దగ్గర మార్కెటింగులో చేరాడు. ఒకరోజు నాకు ఫోన్ చేసి, "పింకీగారూ, హిస్టరీ రాసేవాళ్లెవరైనా తెలుసాండి?" అన్నాడు.

"తెలుసు. మా ఇంట్లనే ఒకడున్నడు, ఖాళీగ" అన్నాను.

అన్న చాలా శ్రద్ధగా రాశాడు. ముసలివాళ్ల దగ్గర కూర్చున్నాడు, లైబ్రరీలకు తిరిగాడు. ఆ నేలలో జొన్న, కంది పండేవనీ, గొర్రెల మందలు తిరిగేవనీ, వాగు ఎట్లా ఎండిందో, పోచమ్మ బోనాలకు ఏయే ఇళ్లవాళ్లు ముందు నడిచేవారో రాశాడు. మధుకర్ అది చదివి పక్కన పెట్టాడట.

"గొర్లు, జొన్నలు, ఎండిన వాగు. గిదంత నాకెర్క లేదా తమ్మీ? నేను గీన్నే పుట్టిన. గొర్ల దొడ్డిల ఫ్లాటు అంటే ఎవడన్న కోట్లిస్తడా? ఒక రాజును తీస్కరా. రాజు దొర్కకుంటె రాణిని తే. రాణి అయితె ఇంక మంచిది, ఫ్లాటు ఫైనల్ జేసేది ఆడోళ్లే."

"ఆధారాలు లేవు సార్" అన్నాడట అన్న.

"ఆధారాలు లేకుండనే నేను గిన్ని ఎకరాలు కొన్న."

అన్న ఇంటికొచ్చి ఆ పని చేయనన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నెల మొదట్లోనే జీతం సగం కంతుకు పోయి, అమ్మ బీపీ గోళీలు అప్పు మీద తెచ్చిన రోజులవి.

"ఉన్నది ఉన్నట్టు చూపెట్టనీకి మా పార్కింగుల కెమెరాలున్నయ్. వాటికి ఎవలు లోను తీసి సదువు చెప్పియ్యలే" అన్నాను. "నీ నిజానికి ఎవడన్న పైస ఇచ్చిండా? ఇస్తే తీస్కరా, రేపే మానేద్దువు."

 అన్న వారం రోజులు తలుపేసుకుని కూర్చున్నాడు. తర్వాత ఒక చిన్న పుస్తకం రాసి ఇచ్చాడు. అందులో రాణి నీలాంబిక ఉంది. భర్త పోయినా కోట వదలని వీరనారి. తెల్లగుర్రం ఎక్కి శత్రువుల్ని తరిమింది. ప్రజల కోసం బావులు తవ్వించింది. జొన్నరొట్టె అంటే ఆమెకు ప్రాణం.

ఆ నీలాంబిక మా నీలమ్మేనని పేరు చూడగానే తెలిసింది. మా అమ్మ గొర్రెలు కాసింది, గడ్డి కోసింది, కూలికి పోయింది. గుర్రాన్ని పెళ్లి బరాత్‌లో తప్ప చూడలేదు. నేను ఆ పుస్తకం చదివి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను.

"రాణి కావాల్నన్నరు, ఇచ్చిన" అన్నాడు అన్న. వాడు నవ్వలేదు. "గా పుస్తకంల జొన్నరొట్టె ఒక్కటే నిజం. ఎవడన్న ఒక్కడు, గీ రాణి యాడికెళ్లి వచ్చింది అని అడుగుతడేమో సూద్దాం."

ఎవ్వడూ అడగలేదు. జశ్వంత్ మాత్రం, "చూపించడానికి ఒక్క వస్తువైనా ఉంటే బాగుంటుందండి" అన్నాడు. అప్పుడు మా అన్న తన చదువంతా ఉపయోగించి ఒక తెలివైన పని చేశాడు. వేపచెట్టు కింద ఉన్న రాయి రాణి కోట గడపలో మిగిలిన శిల అని రాశాడు. అట్లా రాస్తే జేసీబీ దాని జోలికి రాదనుకున్నాడు. పోచమ్మ అంటే పీకేస్తారు, రాణి రాయి అంటే కాపాడతారు అని నాకు వివరంగా చెప్పాడు కూడా. నేనూ శభాష్ అన్నాను.

నిజంగానే కాపాడారు. వేపచెట్టును కొట్టేసి, రాయిని క్రేనుతో పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తారు. పసుపంతా కడిగి, వెండి కళ్లు పీకి, క్లబ్‌హౌస్ ముందు గ్రానైటు దిమ్మె మీద నిలబెట్టి, చుట్టూ అద్దాల పెట్టె కట్టి తాళం వేశారు. 'రాణి నీలాంబిక కోట శిల' అని బోర్డు పెట్టారు. ఊరి పెద్దలు అడగడానికి పోతే మధుకర్ గొడవ పడలేదు, చాయ్ తెప్పించి పుస్తకం చూపించాడు. "నేనన్ననా? మీ నీలమ్మ కొడుకే రాసిండు. పెద్ద సదువు సదివినోడు, మీకన్న నాకన్న ఎక్కువ ఎర్క" అన్నాడు. వాళ్లు నేరుగా మా ఇంటికి వచ్చారు. అన్న తలొంచుకుని, "రాయి పదిలంగ ఉంటది కాకా" అని ఊరుకున్నాడు. వాళ్లు మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయారు. అప్పుడు ఇంట్లో లేని అమ్మకు మాత్రం, పోచమ్మ వేపచెట్టు కిందే పదిలంగా ఉందని చెప్పాం.

ఇక ఆ టవర్ల వైభవం చెప్పాలి. పేరు 'నీలాంబిక కోట' అని మార్చారు. రాణి విగ్రహం జైపూర్ నుంచి వచ్చింది. తెల్లటి పాలరాయి, చేతిలో కత్తి, మా అమ్మ నడుములో సగం కూడా లేని నడుము. ఫ్లాట్ల ధర పెరిగింది. పదిహేనో అంతస్తులో ఉండేవాళ్లు, ముందురోజు వరకు నార్సింగి ఎటువైపో తెలియనివాళ్లు, "మా రాణిగారు" అనడం మొదలుపెట్టారు. పిల్లలకు స్కూల్లో రాణి వేషం వేయించారు. సొసైటీ అధ్యక్షుడు పట్టాభిరామయ్య రాజమండ్రి వైపు మనిషి, రిటైరైన పెద్ద ఆఫీసరు. ఆయనకు పొద్దుపోక రాణి మీద పరిశోధన చేసి ఇంటర్నెట్లో పెట్టాడు. అందులో ఆధారం మా అన్న పుస్తకమే. చివర్లో, తమ మేనత్తల వైపువారికి రాణిగారితో దూరపు చుట్టరికం ఉన్నట్టు తోస్తోందని కూడా రాసుకున్నాడు. మా అమ్మకు రాజమండ్రిలో చుట్టాలున్నారని మాకు ఆ విధంగా తెలిసింది.

అన్నకు 'హెరిటేజ్ కన్సల్టెంట్' అని కార్డు, నెలనెలా జీతం వచ్చాయి. ఆఖరి టవరు అమ్ముడుపోయినప్పుడు మధుకర్ ఖుషీగా బోనస్ ఇచ్చాడు. దాంతో బ్యాంకు అప్పు పూర్తిగా తీరిపోయింది. బాకీ లేదని బ్యాంకు ఇచ్చిన కాగితం పట్టుకుని నేను వంటింట్లో గంతులేశాను. నిజం రాసినన్నాళ్లు పెట్రోలుకు రాని చదువు, అబద్ధం రాసేసరికి అసలూ వడ్డీ కలిపి తెచ్చింది. ఇదేదో ముందే రాసుంటే నాకు ఇన్ని తిప్పలు ఉండేవి కావు అనుకున్నాను.

అమ్మ గంతులేయలేదు. దండం పెట్టుకుని, "ఆషాఢం వస్తున్నది. ఇగ బోనం ఎత్తాలె" అంది.

అన్న వెంటనే అడ్డుపడ్డాడు. "వచ్చే ఏడు సూద్దాం అమ్మా. లోపట పని నడుస్తున్నది" అన్నాడు.

"పోచమ్మ అప్పు వచ్చే ఏటికి ఆగదు బిడ్డా. బ్యాంకోళ్లు ఆగిండ్రా?"

ఆదివారం అమ్మ కొత్త కుండకు సున్నం పూసి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, పాలు బెల్లం పోసి అన్నం వండింది. వేపమండలు కట్టి, మీద దీపం పెట్టి నెత్తికెత్తుకుంది. చెప్పుల్లేకుండా ఎండలో నడిచింది. అసలు సంగతి చెప్పే ధైర్యం లేక నేను పక్కన నడిచాను. అన్న పొద్దున్నే వెళ్లిపోయాడు. ఆ రోజే నీలాంబిక కోటలో రాణి ఉత్సవం, వాడికి సన్మానం.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆపాడు. ఒడిశా మనిషి, వచ్చీరాని తెలుగు. చేతిలో ఫోను.

"అమ్మా, ఎవరి దగ్గరికి?"

"పోచమ్మ కాడికి" అంది అమ్మ.

అతను ఫోన్లో వెతికాడు. "పోచమ్మ ఏ బ్లాకు?"

"మా పొలం కాడ, యాపచెట్టు కింద."

"ఫ్లాట్ నంబర్ చెప్పమ్మా. పోచమ్మ పేరు ఇందులో లేదు. ఆమెకి ఫోన్ చేయి, ఆమె ఓకే అంటే పంపిస్తా."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అతని తప్పేమీ లేదు. ఇంతలో లోపల్నుంచి ఉత్సవం జరిపించే ఈవెంటు కంపెనీ అమ్మాయి ఉరుక్కుంటూ వచ్చింది. జీడిమెట్ల నుంచి రావలసిన బోనాల బృందంలో ఒకామె ఎగ్గొట్టిందట. మా అమ్మ నెత్తిమీద కుండ చూసి ఆమె ప్రాణం లేచొచ్చింది. "ఇంత లేటా? రా రా, లైనులో నిలబడు" అని అమ్మ మెడలో ఒక తాడు వేసింది. దానికి వేలాడే అట్ట మీద 'జానపద కళాకారిణి' అని ఉంది.

అమ్మ నావైపు చూసింది. నేను మళ్లీ తెలివితేటలు చూపించాను. "పో అమ్మా. లోపటికైతె పోవచ్చు గద" అన్నాను.

డప్పులతో లోపలికి నడిపించారు. అమ్మ మిగతావాళ్లలా ఆడలేదు, ఊగలేదు. కుండను ఒక చేత్తో పట్టుకుని, చుట్టూ వేపచెట్టు కోసం వెతుక్కుంటూ నడిచింది. క్లబ్‌హౌస్ ముందు స్టేజీ మీద మా అన్న శాలువా కప్పుకుని, మధుకర్ పక్కన కుర్చీలో ఉన్నాడు. అమ్మ మెడలో అట్టను చూశాడు. లేచి నిలబడ్డాడు.

మైకు పట్టాభిరామయ్య చేతిలో ఉంది. అన్న దాన్ని దాదాపు లాక్కున్నాడు. "నీలాంబిక అనే రాణి ఎప్పుడూ లేదు. అది నేను కల్పించి రాసిన. ఆ అద్దాలలో ఉన్నది పోచమ్మ. మా ఊరి దేవత. తాళం తియ్యండి. ఆమెకు బోనం వచ్చింది" అన్నాడు.

  జీవితంలో మొదటిసారి మా అన్నను చూస్తే గర్వం కలిగింది. అంతలో వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు, ఏదో నాటకంలో ముక్క అనుకున్నట్టున్నారు. పట్టాభిరామయ్య చల్లగా నవ్వి మైకు తిరిగి తీసుకున్నాడు.

"మన ఓంకార్‌గారు కాస్త ఉద్వేగానికి లోనయ్యారండి. సన్మానం కదా, సహజం. రాణిగారు లేరంటే ఎలాగండీ? ఇంటర్నెట్లో ఉన్నారు. నేను స్వయంగా పరిశోధించాను."

"మీరు పరిశోధించింది నా పుస్తకమేనండి! రాసింది నేను!"

"రాశారండి, కాదనలేదు. రాసినంత మాత్రాన అంతా మీకే తెలియాలని లేదు కదా."

"ఉత్త ఎమ్మే హిస్టరీనే కదండీ" అన్నారెవరో ముందు వరసలో. అందరూ నవ్వారు. పుస్తకం వచ్చినప్పుడు ఇదే ఎమ్మేని అట్ట మీద పెద్ద అక్షరాలతో వేస్తే చూసి మురిసింది వీళ్లే. మధుకర్ వచ్చి అన్న భుజం మీద చెయ్యేశాడు, పళ్లు బయటపెట్టి నవ్వుతూనే. నేను దగ్గరలోనే ఉన్నాను, వినబడింది. "ఆళ్లకు నువ్వు చెప్పేది సమజ్ కాలేదనుకుంటున్నవా? రాణి పోతె ఫ్లాటు రేటు పోతది. లొల్లి చెయ్యకు తమ్మీ, ఆళ్లే నిన్ను పట్టుకొని కొడ్తరు."

ఈ గొడవలో అమ్మ అద్దాల పెట్టె దగ్గరికి చేరింది. లోపల ఉన్నదాన్ని చాలాసేపు చూసింది. పసుపు లేదు, కళ్లు లేవు. అయినా గుర్తుపట్టింది. అద్దం మీద అరచెయ్యి పెట్టి తడిమింది, తలుపు ఎటుందో అని. చేతి పసుపు అద్దానికి అంటుకుంది. ఊడ్చే పనిలో ఉన్న మా ఊరి సత్తెమ్మను ఎవరో కేకేశారు. ఆమె గుడ్డతో వచ్చి, తుడవలేక తుడవలేక తుడిచింది.

పట్టాభిరామయ్య భార్య రాజరాజేశ్వరి ఫోను పట్టుకుని వచ్చింది. పట్టుచీర, ప్రేమగా మాట్లాడే మనిషి. "అమ్మా, కొంచెం ఇటు తిరగండి. రాణిగారు కూడా ఫోటోలో పడాలి కదా. ఆఁ, అంతే. మీ పేరేంటండీ?"

"నీలమ్మ."

"అబ్బ! చూశారా, మా రాణిగారి పేరే పెట్టుకున్నారు మీ వాళ్లు! ఇంకా ఈ ఊళ్లో ఆవిడని మర్చిపోలేదన్నమాట!"

అమ్మ తలెత్తి పాలరాయి బొమ్మను చూసింది. కత్తిని చూసింది, నడుమును చూసింది. తర్వాత స్టేజీ మీద, మధుకర్ చేతికింద ఇరుక్కుని నిలబడ్డ కొడుకును చూసింది. అందరూ వాణ్ణి చూసి నవ్వుతుండడం కూడా చూసింది. ఒక్క మాట చాలు, వాడు చెప్పింది నిజమని చెప్పడానికి. కానీ ఆ మాట చెబితే వీళ్లు ఇంకోసారి నవ్వుతారని ఆమెకు అర్థమైంది.

"అవునమ్మా" అంది. "గామె పేరే పెట్టిండ్రు."

నాకు సిగ్గేసింది. భూమి చీలితే దూరిపోవాలనిపించింది. ఇన్నేళ్లు చదువును తిట్టాను, అన్నను తిట్టాను, ఈ అద్దాల మేడలవాళ్లను తిట్టుకున్నాను. ఆ క్షణంలో నన్ను నేను తిట్టుకోవడానికి ఏ తిట్టూ సరిపోలేదు.

వెళ్లేటప్పుడు ఈవెంటు అమ్మాయి మెడలో అట్ట తీసేసుకుని, కళాకారిణులందరికీ ఇచ్చినట్టే అమ్మ చేతిలో కూడా ఒక కవరు పెట్టింది. అందులో అయిదువందల నోటు. మేం గేటు దాటాక అన్న పరుగెత్తుకుంటూ వచ్చాడు. శాలువా ఇంకా భుజం మీదే ఉంది.

"అమ్మా, బోనం దించు. మెడ పడిపోతది."

"యాడ దించాలె?" అంది అమ్మ.

 అమ్మ ఒక చేత్తో కుండను పట్టుకునే, రెండో చేత్తో కవరు చాపింది.

"ఇగో బిడ్డా. నీ సదువుతోని నేను గూడ సంపాయించిన."

అన్న తీసుకోలేదు. నేనూ తీసుకోలేదు. అమ్మ దాన్ని సెక్యూరిటీ అతని బల్ల మీద పెట్టి, ఎండలో ఇంటిదారి పట్టింది. బోనం ఆమె నెత్తిమీదే ఉంది.